ఆ పసుపు దీపం ఏమంటోంది?

ఆడవాళ్ల పేజీలో బండి రిపేరు గోలేమిటని ముక్కున వేలేసుకోకండి. పొద్దున్నే ఎనిమిదింటికి భద్రాచలం నుంచి చర్ల వెళ్లే రోడ్డు పక్కన ఓ అరగంట నిలబడి చూడండి. ఆశ్రమ పాఠశాలకు పోయే టీచర్లు, సబ్‌సెంటర్లకు పోయే ఏఎన్‌ఎమ్‌లు, వెనకాల గర్భిణిని కూర్చోబెట్టుకున్న ఆశా అమ్మాయిలు, ముందు రెండు మిరప బస్తాలేసుకుని ఎక్సెల్ మీద వచ్చే రైతు ఇల్లాళ్లు... ఎంతమంది కనిపిస్తారో! ఇరవయ్యేళ్ల కిందట ఇదే దారిలో స్కూటర్ నడిపే ఆడమనిషి కనిపిస్తే బస్సులోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్లు. ఇప్పుడు ఎవరూ చూడరు. మంచిదే. కానీ ఆ బండి దుమ్ముగూడెం దాటాక ఆగిపోతే? సెల్‌ఫోన్ సిగ్నల్ ఉండదు. ఆటో ఎప్పుడొస్తుందో తెలీదు. ఇహ పొద్దు గూకిందంటే చుట్టూ అడవి, మధ్యలో మనం.

వాళ్లు నడిపే కొత్త బళ్లన్నిటికీ మీటర్లో ఓ చిన్న పసుపు దీపం ఉంది. ఇంజన్ బొమ్మతో ఉంటుంది. దాన్ని చూసి మనవాళ్లు రెండు రకాలుగా ప్రవర్తిస్తున్నారు. వెలగ్గానే గుండె గుభేలుమని బండి అక్కడే ఆపేసి ఇంటికి ఫోన్ చేసేవాళ్లు ఒక రకం. వెలిగితే వెలిగిందిలే, బండి నడుస్తోందిగా అని ఊరుకునేవాళ్లు ఇంకో రకం. నాకు తెలిసిన ఒక టీచరమ్మ ఏకంగా దాని మీద బొట్టుబిళ్ల అంటించేశారు, రాత్రిళ్లు కళ్లలో పడుతోందని! నవ్వు వచ్చినా ఆవిడ్ని ఏమీ అనలేకపోయాను. ఆ దీపం దేనికో ఆవిడకి ఎవరు చెప్పారు గనక? బండి అమ్మినవాళ్లు పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టించి, ఫొటో తీసి పంపించారు. అంతే.

ఈ దీపం ఇంటింటికీ వచ్చింది 2020లో. ఆ సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 బళ్లు తప్ప అమ్మడానికి లేదని 2018 అక్టోబరులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. పొగ తగ్గాలంటే పాత కార్బొరేటర్‌తో కుదరదు. అంచేత ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. మన దేశంలో అది మరీ కొత్తేమీ కాదు. 2006లోనే హీరో హోండా గ్లామర్‌లో వచ్చింది. కానీ అప్పుడది కొద్దిమంది ముచ్చట. 2020 తర్వాత మాత్రం పత్తి మూటలు మోసే టీవీఎస్ ఎక్సెల్‌కి కూడా కంప్యూటర్ వచ్చేసింది. ఆ తర్వాత 2023లోనూ, 2025లోనూ నిబంధనలు ఇంకా బిగించారు. బండి తన జబ్బు తనే కనిపెట్టి రాసిపెట్టుకోవాలన్నది వాటి సారాంశం.

కార్బొరేటర్‌ది మన అమ్మమ్మల వంట లాంటిది. చేతి కొలత. ఇంజన్ ఎంత గాలి పీలిస్తే అంత పెట్రోలు దాని వెంట పోతుంది. చలికాలం చోక్ లాగితే కాస్త ఎక్కువ. తేడా చేస్తే మెకానిక్ స్క్రూ డ్రైవర్‌తో అర చుట్టు తిప్పి, చెవి పెట్టి విని, మళ్లీ పావు చుట్టు వెనక్కి తిప్పేవాడు. ఇంజెక్షన్‌ది గ్రాముల లెక్క వంట. ఈసీయూ అనే చిన్న పెట్టె ఉంటుంది. ఇంజన్ ఎంత వేడిగా ఉంది, లోపలికి పోయే గాలి ఎంత వేడిగా ఉంది, మనం ఏక్సిలేటర్ ఎంత తిప్పాం, పొగగొట్టంలో ఆక్సిజన్ ఎంత మిగిలింది, ఇంజన్ ఎక్కడ తిరుగుతోంది అని సెన్సార్లు దానికి ఎప్పటికప్పుడు కబుర్లు పంపిస్తాయి. అది లెక్క చూసుకుని ఇంజెక్టర్‌ని అంతసేపు తెరుస్తుంది. సెకన్‌లో వెయ్యో వంతుల లెక్క! ఈ కబుర్లలో ఒకటి తేడాగా వస్తే ఈసీయూ ఏం చేస్తుంది? ఒక నంబరు రాసిపెట్టుకుని దీపం వెలిగిస్తుంది. ఆ నంబరే ఎర్రర్ కోడ్.

ముందు ఒక సంగతి. తాళం తిప్పగానే ఆ దీపం వెలగడం మామూలే. కొన్ని బళ్లలో రెండు మూడు సెకన్లకు ఆరిపోతుంది, కొన్నిటిలో ఇంజన్ స్టార్టయ్యాక ఆరుతుంది. అసలు వెలగకపోతేనే అనుమానించాలి. బండి నడుస్తుండగా వెలిగి, ఆరకుండా ఉంటే ఏదో నంబరు రాసుకుందన్నమాట.

ఆ నంబరు ఎలా తెలుస్తుంది? హోండా వాళ్ల పద్ధతిలో దీపమే కొట్టుకుని చెబుతుంది. పొడుగ్గా ఒకసారి వెలిగితే పది, పొట్టిగా వెలిగితే ఒకటి. పొట్టిగా ఏడుసార్లు కొట్టుకుంటే ఇంజన్ వేడి కొలిచే సెన్సార్ దారి. ఎనిమిదైతే ఏక్సిలేటర్ దారి. తొమ్మిదైతే గాలి వేడి. ఒక పొడుగు, రెండు పొట్టి అంటే పన్నెండు, ఇంజెక్టర్. రెండు పొడుగులు, ఒక పొట్టి అంటే ఇరవై ఒకటి, ఆక్సిజన్ సెన్సార్. మోడల్‌ని బట్టి కాస్త మారొచ్చు. కొన్నిటిలో మెకానిక్ ఒక చిన్న సాకెట్ కలిపితే గానీ పాత నంబర్లు బయటపడవు. ఇప్పటి కొత్త బళ్లలో స్కానర్ తగిలిస్తే పి-0118, పి-0201 లాంటి నంబర్లు వస్తాయి. ఇవి ప్రపంచమంతా ఒకటే. పి అంటే ఇంజన్ వైపు. తర్వాత సున్నా ఉంటే అందరికీ ఒకే అర్థం, ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత అర్థం. మూడో అక్షరం దగ్గర 1, 2 ఉంటే గాలీ పెట్రోలూ, 3 ఉంటే మంట, అంటే ప్లగ్గు, కాయిల్ వైపు. పి-0335 వస్తే ఇంజన్ తిరుగుడు చూసే సెన్సార్. పి-0562 అంటే కరెంటు తక్కువగా అందుతోందని.

ఇంతవరకూ తెలిసినవాళ్లు కూడా ఒక చోట పొరపడుతున్నారు, మెకానిక్‌లతో సహా. నంబరు వచ్చిందంటే ఆ వస్తువు పోయిందని అర్థం కాదు. ఆ దారిలో వచ్చిన కబురు నమ్మేలా లేదని అర్థం. చర్ల అవతల ఊళ్లో ఉన్న చెల్లెలికి ఫోన్ కలవకపోతే చెల్లెలికి ఏమో అయిందని వెంటనే ఏడవం కదా. టవర్ పోయిందేమో, ఛార్జింగ్ అయిపోయిందేమో అనుకుంటాం. ఇదీ అంతే. ఇంజన్ వేడి సెన్సార్‌నే తీసుకోండి. ఈసీయూ దానికి ఐదు వోల్టులు పంపిస్తుంది. వేడిని బట్టి ఆ వోల్టులు తగ్గుతూ ఉంటాయి. వైరు తెగితే ఐదుకి ఐదూ అలాగే కనిపిస్తాయి, అప్పుడు పి-0118. వైరు ఒరుసుకుపోయి చాసిస్‌కి తగిలితే సున్నా కనిపిస్తుంది, అప్పుడు పి-0117. సెన్సార్ నిజంగా పోయినా ఈ నంబర్లే వస్తాయి. అంటే నంబరు ఇంటి వీధి వరకూ తీసుకెళుతుంది. తలుపు మనమే కొట్టి చూసుకోవాలి. సెన్సార్, దాని కప్లర్, వైరు, అవతలి కప్లర్, ఆఖర్న ఈసీయూ. చవకైనదీ, సులువైనదీ ముందు చూడాలి. ఖరీదైనది చివర.

మా స్కూటర్ సంగతి చెప్పనా? పోయినేడు వర్షాలప్పుడు దీపం వెలిగి ఆరలేదు. మైలేజీ పడిపోయింది, పొద్దున్నే స్టార్టవడానికి మొరాయిస్తోంది. టౌన్లో ఒక పెద్ద షెడ్డుకి తీసుకెళ్లాను. మిషన్ తగిలించి చూసి, "సెన్సారూ, వైరింగ్ కిట్టూ మొత్తం మార్చాలమ్మా, ఆరు వేలు దాకా అవుతుంది" అన్నారు. ఏం నంబరు వచ్చింది బాబూ అని అడిగాను. "నంబరు మీకెందుకమ్మా? మేం చూసుకుంటాంగా!"

మా వారు వచ్చి అడిగితే అదే అబ్బాయి అదే నంబరు చక్కగా చెప్పాడు. దాని మీద ఒక కథ రాయొచ్చు గానీ ఇప్పుడు కాదు. పి-0118. చీటీ మీద రాయించుకుని బండి తెచ్చేసుకున్నాం. పాల్వంచ దారిలో ఒక చిన్న షెడ్డు అబ్బాయి దగ్గర మిషన్ లేదు, ఓ మల్టీమీటర్ ఉంది. చీటీ చూసి, "వైరు తెగినట్టుందక్కా, చూద్దాం ఉండు" అని ఇంజన్ దగ్గర మొదలుపెట్టి వైరు వెంటే వేళ్లు జరుపుకుంటూ సీటు కిందకి వచ్చాడు. అక్కడ ఎలుక కొరికేసింది. లోపల వడ్లగింజలు కూడా దొరికాయి. తెగినచోట అతికించి, స్లీవ్ తొడిగి, రెండువందల యాభై తీసుకున్నాడు. నాలుగు రోజులు నడిపాక దీపం దానంతటదే ఆరింది.

మెకానిక్‌లందరూ మోసగాళ్లని నేననను. వైరు వెంట గంటసేపు వెతికితే ఆ గంటకు డబ్బివ్వడానికి మనకు చేతులు రావు. "వస్తువేం మార్చావు గనక?" అని దబాయిస్తాం. వస్తువు మారిస్తే మాత్రం నోరెత్తకుండా ఇస్తాం. వెతకడానికి కూలి ఉండాలి. అది మనమూ ఒప్పుకోవాలి.

ఇహపోతే అడవి దారిలో బండి ఆగితే ఏం చేయాలి? దీపం వెలిగి బండి నడుస్తూనే ఉంటే భయపడి ఆపకండి. సెన్సార్ కబురు అందకపోతే ఈసీయూ ఒక మామూలు లెక్క వేసుకుని నడిపించేస్తుంది. పికప్ తగ్గొచ్చు, పెట్రోలు ఎక్కువ తాగొచ్చు. నిదానంగా ఊరు చేరి చూపించుకోవచ్చు. ఇంజన్ మరీ వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా, ఆయిల్ దీపం వెలిగినా మాత్రం ఆపాల్సిందే. తిరుగుడు సెన్సారో, ఇంజెక్టరో పోతే అది నడవనే నడవదు, మన చేతిలో లేదు.

పూర్తిగా ఆగిపోతే ముందు కిల్ స్విచ్ చూడండి. బ్యాగు తగిలి చాలాసార్లు అదే ఆఫ్ అవుతుంది. కొన్ని బళ్లు సైడ్ స్టాండ్ వేసి ఉంటే కదలవు. తర్వాత తాళం తిప్పి చెవి పెట్టండి. పెట్రోలు మోటారు రెండు సెకన్లు 'జుయ్'మంటుంది. ఆ చప్పుడు వస్తే దానికి కరెంటు అందుతోందన్నమాట. రాకపోతే ఫ్యూజు, బ్యాటరీ అనుమానించాలి. స్పేర్ ఫ్యూజు చాలా బళ్లలో ఆ పెట్టెలోనే ఉంటుంది, సన్నటి చెయ్యి ఉంటే చాలు. బ్యాటరీ పూర్తిగా పడిపోతే కిక్కు ఎంత కొట్టినా చాలా ఇంజెక్షన్ బళ్లు లేవవు. ఎందుకంటే పెట్రోలు మోటారుకీ, ఈసీయూకీ కరెంటే ఆధారం. అంచేత సెల్ఫ్ మూలుగుతున్న రోజే బ్యాటరీ చూపించుకోవాలి. ఆపి ఉన్నప్పుడు పన్నెండున్నర వోల్టులు, ఇంజన్ నడుస్తుంటే పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర మధ్య ఉండాలి. ఐదు నిమిషాల పని.

ఇంకొకటి చాలామందికి తెలీదు. బురదలో జారి బండి పక్కకి పడిందనుకోండి. కొన్ని బళ్లలో వాలుడు చూసే సెన్సార్ ఉంటుంది. పడగానే ఇంజన్ ఆపేస్తుంది. బండి లేపి ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా లేవదు. ఏదో విరిగిందని కంగారుపడకండి. తాళం పూర్తిగా ఆఫ్ చేసి, కాసేపాగి మళ్లీ ఆన్ చేస్తే చాలు.

కోడ్ రాని జబ్బులూ బోలెడున్నాయి. సీసాల్లో అమ్మే లూజు పెట్రోల్లో నీళ్లు కలిసినా, ఎయిర్ ఫిల్టర్ ఎర్రదుమ్ముతో మూసుకుపోయినా, గొలుసు వదులైనా, క్లచ్ అరిగినా ఆ దీపం నోరు మెదపకపోవచ్చు. దీపం లేదు కాబట్టి బండికేం లేదనుకోవడం, కళ్లు ఎర్రగా లేవు కాబట్టి జ్వరం లేదనుకోవడం లాంటిదే.

ఇంతకీ ఈ నంబర్లు చదివే మిషన్ ఎవరి దగ్గరుంది? ఖమ్మంలోనో, కొత్తగూడెంలోనో పెద్ద షోరూముల్లో. అడవి అంచు ఊళ్లలో పని తెలిసిన కుర్రాళ్ల చేతిలో స్పానర్లున్నాయి, స్కానర్ లేదు. కార్లకైతే ఏళ్ల తరబడి పదహారు పిన్నుల సాకెట్ ఒకటే. బళ్లకి కంపెనీకో రకం ఉండేది. ఈ మధ్యే ఆరు పిన్నుల సాకెట్ చాలావాటికి వస్తోంది. మిషన్ ఉన్నా నంబరు అర్థం కంపెనీ చెప్పాలి. నేను చూసిన ఓనర్ పుస్తకాలన్నిటిలోనూ ఆ దీపం గురించి ఒకే ముక్క, 'డీలర్ దగ్గరికి తీసుకెళ్లండి'. యాభై అరవై కిలోమీటర్ల అవతల ఆగిన బండిని ఎలా తీసుకెళ్లాలో మాత్రం రాయలేదు!

ఈ తగాదా మన ఒక్కరిదే కాదు. కార్లకు ఇలాంటి కోడ్‌లు ఉండాలని మొదట పట్టుబట్టింది అమెరికాలోని కాలిఫోర్నియా, 1988 మోడళ్ల నుంచి. 1996 నుంచి ఆ దేశంలో కొత్త కార్లన్నిటికీ ఒకే పద్ధతి వచ్చింది. పొగ అదుపు చేయడానికి పెట్టిన ఏర్పాటు, తీరా చూస్తే కంపెనీల చేతిలో తాళంచెవి అయి కూర్చుంది. ఆ సమాచారం బయటి మెకానిక్‌లకూ ఇవ్వాల్సిందేనని 2012లో మసాచుసెట్స్ ప్రజలు ఓటేసి మరీ చట్టం చేయించుకున్నారు. మన కేంద్ర వినియోగదారుల శాఖ కూడా 2022 డిసెంబరులో రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలూ ఉన్నాయి, వ్యవసాయ యంత్రాలూ ఉన్నాయి. పోర్టల్ మంచిదే. కానీ గుండాల, కరకగూడెం మెకానిక్‌కి అది తెలుగు అక్షరాల్లో, చేతిలో పట్టుకునేట్టు అందాలి.

నేను అడిగేది పెద్ద గొంతెమ్మ కోరికేం కాదు. ఓనర్ పుస్తకం చివర రెండు పేజీల్లో కోడ్‌ల పట్టిక తెలుగులో అచ్చేయాలి. వారంటీ పోతుందనో, జనం సొంతంగా విప్పేస్తారనో కంపెనీలు అంటాయి. విప్పమని ఎవరన్నారు? థర్మామీటర్ చూసుకున్నంత మాత్రాన ఎవరూ సొంతంగా ఆపరేషన్ చేసుకోరు. షెడ్డులో మిషన్ తగిలిస్తే వచ్చిన నంబరు బిల్లు మీద రాయాలి, అడిగింది ఆడమనిషైనా సరే. రాయకుండా డబ్బు గుంజితే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఇక భద్రాచలం ఐటీడీఏ యువతకిచ్చే శిక్షణల్లో ఈ పని చేరాలి. మండలానికి ఒక్క షెడ్డుకైనా స్కానర్ సబ్సిడీ మీద ఇవ్వాలి. 2018లో పక్క రాష్ట్రం ఏజెన్సీలో మోటార్ సైకిల్‌కి పక్కబండి తగిలించి ఫీడర్ అంబులెన్సులు తిప్పడం మొదలుపెట్టారు. నాలుగు చక్రాలు పోలేని చోట రెండు చక్రాలే ప్రాణం నిలబెడతాయని సర్కారే ఒప్పుకున్నట్టు కదా. మరి ఆ రెండు చక్రాలకు వైద్యుడు అక్కడ లేకపోతే ఎలా?

ఆ శిక్షణలో ఆడపిల్లలూ ఉండాలి. కొత్తగూడెం దగ్గర సుజాతనగర్‌లో ఆదిలక్ష్మి అనే ఆవిడ మెకానిక్ షెడ్డులో పెద్ద బళ్ల టైర్లు విప్పి బిగిస్తుంటే 2021లో పత్రికలన్నీ ఫొటోలేశాయి. లారీ చక్రమే లొంగినప్పుడు మల్టీమీటర్ ఎంత? ఈ కొత్త పనిలో బలం కన్నా ఓపిక ఎక్కువ కావాలి. చిక్కుపడ్డ దారం విప్పినట్టు వైరు వెంట పోవాలి. ఆ ఓపిక మనకెవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

వానాకాలం గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, ఇక చూసుకోండి. 1986లో 75.6 అడుగులు వచ్చాక మళ్లీ అంత నీళ్లు అప్పుడే. ఇళ్లతో పాటు బళ్లూ మునిగాయి. పాతకాలం బండైతే ప్లగ్గు విప్పి, నీళ్లు వంపేసి, ఆయిల్ మార్చి తోలుకునేవాళ్లు. ఇప్పటి బండి మునిగితే పైకి ఆరిందని తాళం తిప్పకండి. ముందు బ్యాటరీ వైరు విప్పించండి. ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే మార్పించాకే ఇంజన్ తిప్పాలి. ఎయిర్ ఫిల్టర్లో, పెట్రోలు ట్యాంకులో నీళ్లున్నాయేమో చూడాలి. కప్లర్లన్నీ విప్పి గాలి కొట్టించాలి. లేకపోతే లోపల చిలుము పట్టి రెండు మూడు నెలల తర్వాత, దసరా సెలవుల్లో పుట్టింటికి బయల్దేరినప్పుడు దీపం వెలుగుతుంది. అదీ ఒక నంబరుతో కాదు, నాలుగైదు కలిసి. నాలుగు సెన్సార్లు ఒకే రోజు చచ్చిపోవడం జరిగే పని కాదు. వాటన్నిటికీ కలిపి కరెంటు తెచ్చే వైరో, ఎర్త్ వైరో, బ్యాటరీ బిగింపో పోయుంటుంది. నాలుగూ మార్చాలని ఎవరైనా అంటే, "ముందు ఎర్త్ వైరు విప్పి గీకి చూడు నాయనా" అని చెప్పి, అక్కడే స్టూలు వేయించుకుని కూర్చోండి.